మూడో అంతస్తు పళ్ళెం

జూన్ 9

పిచ్చుకా,

నువ్వు క్షేమంగా వెళ్ళి ఉద్యోగంలో చేరావని మీ అమ్మ ద్వారా తెలిసింది. ఆ మాట నువ్వే నాకు ఫోనులో చెప్పావట. చెప్పే ఉంటావు. ఆ సమయంలో నేనూ మాట్లాడుతున్నాను కాబట్టి వినబడలేదు. ఫోను పెట్టేశాక మీ బాబాయి అన్నారు: "మీ ఇద్దరూ ఒకేసారి మాట్లాడితే వినే చాకిరీ అంతా నా ఒక్కడి మీదే పడుతోంది. హాయిగా ఉత్తరాలు రాసుకోండి. ఒకరు రాస్తున్నంతసేపూ రెండోవాళ్ళు నోరు మూసుకుని తీరాలి." వేళాకోళానికే అన్నారు. ఆలోచిస్తే సబబుగానే తోచింది. నీకు ఒక కాగితాల కట్ట, మా చిరునామా రాసి స్టాంపులు అతికించిన కవర్లు పంపుతున్నాను. కాగితం లేదనో, కవరు దొరకలేదనో తప్పించుకోవడానికి వీల్లేదు.

చదువుకున్నన్నాళ్ళూ మా ఇంట్లో ఉన్నావు కదా, నీ గది ఇప్పుడు బోసిగా ఉంది. లిఫ్టు మళ్ళీ పాడయింది. నాలుగో అంతస్తు లాయరుగారు మెట్లెక్కుతూ ప్రతి మలుపులోనూ ఆగి, ఆయాసపడుతూ, అసోసియేషన్ ప్రెసిడెంటుని తిడుతున్నారు. ప్రెసిడెంటు తనేనన్న సంగతి పై గుమ్మం దాకా వెళ్ళాక గుర్తొస్తోంది.

మూడో అంతస్తు పాటల టీచరుగారు నిన్ను రోజూ తలుచుకుంటున్నారు. "మెట్ల మీద దడదడమనే చప్పుడు లేకపోతే పొద్దు పోవడం లేదమ్మా" అంటారు. మొన్న సాయంత్రం ఆవిడకి గట్టి బిస్కెట్లు చేసి పంపాను. ఒకటి కొరికి మిగతావి అలాగే తిప్పి పంపారు. ఎందుకో తెలియదు. పన్ను నొప్పేమో.

ఏం పాఠం చెబుతున్నావు? మెల్లగా చెప్పు. నీ వేగానికి పిల్లలు ఊపిరి పీల్చుకునే సందు కూడా ఉండదు.

పిన్ని

*

జూన్ 14

పిన్నీ,

కట్ట అందింది. నీ చేత్తో నీకే చిరునామా రాసి పంపిన కవర్లు చూసి నా గదిలో ఉండే నర్సు పొట్ట పట్టుకుని నవ్వింది. "మీ పిన్ని ఉత్తరం కూడా రాసి పంపేస్తే నువ్వు సంతకం పెడితే సరిపోయేది" అంది.

మెల్లగానే చెబుతున్నాను, అయినా మునిగిపోయాను. నర్సింగు కాలేజీలో మొదటి ఏడాది అమ్మాయిలకి శరీరధర్మశాస్త్రం చెప్పాలి. మొదటి పాఠం: నరాల్లో కబురు ఎలా వెళుతుంది. "నరంలో విద్యుత్తు ప్రవహిస్తుంది, వైరులో కరెంటు పోయినట్టు" అన్నాను. ఆఖరి బెంచీ నుంచి ఒక పిల్ల లేచి, "అయితే మేడం, మనిషిని ముట్టుకుంటే షాకెందుకు కొట్టదు?" అంది. క్లాసంతా గొల్లుమంది. ఆ పిల్ల అడిగింది తప్పు కాదు. నేను చెప్పిందే తప్పు.

వైరులో కరెంటు స్విచ్చు దగ్గర బయల్దేరి బల్బు దాకా పోతుంది. దూరం పెరిగితే నీరసిస్తుంది. నరంలో అలా కాదు పిన్నీ. కాలి వేలి నుంచి తల దాకా పరిగెత్తుకుంటూ పోయేది ఏదీ లేదు. నరంలో ఒకచోట అలజడి పుడుతుంది, అది పక్క చోటుని లేపుతుంది, ఆ పక్క చోటు దాని పక్కదాన్ని లేపుతుంది. ప్రతిచోటా కబురు కొత్తగా పుడుతుంది. అందుకే ఎంత దూరం వెళ్ళినా నీరసించదు. దీన్ని ఆ పిల్లలకి ఎలా చెప్పాలి? 29న ప్రిన్సిపాలుగారు వచ్చి క్లాసులో కూర్చుంటారట. ఆవిడకి అర్థమైతే చాలదట, ఆఖరి బెంచీకి అర్థం కావాలట.

నీ ఇంట్లో ఏదైనా పోలిక దొరికితే పంపు. నీకు దొరకని వస్తువు ఉండదుగా.

పిచ్చుక

*

జూన్ 19

పిచ్చుకా,

ఇన్నేళ్ళు మా ఇంట్లో ఉండి అది ఎక్కడుందని నన్ను అడుగుతున్నావా? నువ్వు చెప్పింది మన మెట్ల మీదే ఉంది. నీళ్ళ పళ్ళేలు!

నీకు తెలిసిందే అయినా క్రమంగా రాస్తాను, క్లాసులో చెప్పడానికి పనికొస్తుంది. కుళాయిలో నీళ్ళు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, కాసేపే వస్తాయి. రాగానే కింద వాచ్‌మన్ తన పళ్ళెం మీద కొడతాడు. ఆ చప్పుడు మొదటి అంతస్తు దర్జీకి మాత్రమే వినబడుతుంది. అతను కత్తెర పిడితో తన పళ్ళెం కొడతాడు. అది విని నేను గరిటెతో నాది కొడతాను. నాది విని పాటల టీచరుగారు, ఆవిడది విని లాయరుగారు. వాచ్‌మన్ నాలుగు అంతస్తులు ఎక్కనక్కర్లేదు. వాడి చప్పుడు కూడా ఎక్కనక్కర్లేదు. ఎవరి పళ్ళెం వాళ్ళది, కబురు మాత్రం ఒకటే. ఫోనులో మెసేజి పెడదామని లాయరుగారు ఒకసారి అన్నారు. అందరూ చూసేసరికి నీళ్ళు ఆగిపోయాయి, ఆయన మెసేజికి మాత్రం బొటనవేళ్ళు బోలెడు వచ్చాయి.

నిన్న ఇదే పనిగా గమనించాను. దర్జీ మెల్లగా కొట్టినా, గట్టిగా కొట్టినా, నేను కొట్టేది నా మామూలు దెబ్బే. వినబడిందా, కొడతాను. వినబడలేదా, కొట్టను. సగం కొట్టడం అంటూ లేదు. ఇంకో సంగతి. టీచరుగారు కొట్టిన చప్పుడు నాకూ వినబడుతుంది కదా, మరి అది విని నేను మళ్ళీ ఎందుకు కొట్టను? ఎందుకంటే అప్పటికి నేను లోపల బిందెలు పట్టుకునే హడావుడిలో ఉంటాను. అందుకే కబురు పైకే పోతుంది కానీ కిందికి తిరిగి రాదు.

మీ బాబాయికి ఇదంతా చెబితే, "నా మెదడులో కూడా ఒక గరిటె ఉందన్నమాట" అన్నారు. ఉంటే ఈపాటికి మోగేది అన్నాను.

పిన్ని

*

జూన్ 24

పిన్నీ!

నీ ఉత్తరం చదివి మంచం మీద గెంతాను. పక్కన కూర్చున్న నర్సు కింద పడింది. (దెబ్బ తగల్లేదు.)

నువ్వు గమనించిన ప్రతిదీ నరంలో ఉంది. నరం గోడకి బయట సోడియం ఎక్కువ, అంటే మన ఉప్పులో ఉండేది. లోపల పొటాషియం ఎక్కువ. గోడ నిండా చిన్న చిన్న తలుపులు. కబురు రాగానే తలుపులు తెరుచుకుని సోడియం లోపలికి తోసుకొస్తుంది. ఆ తోపులాట తగిలి పక్క తలుపులు తెరుచుకుంటాయి, అదే దర్జీ చప్పుడుకి నువ్వు కొట్టడం. కాస్త తట్టితే తలుపు తెరుచుకోదు, సరిపడా తట్టితే పూర్తిగా తెరుచుకుంటుంది, సగం లేదు. తర్వాత పొటాషియం బయటికి పోయి లెక్క సరిచేస్తుంది. తెరుచుకున్న తలుపు ఒక్క క్షణం బిగుసుకుపోతుంది, వెంటనే మళ్ళీ తెరుచుకోదు. అదే నీ బిందెల హడావుడి. అందుకే కబురు వెనక్కి రాదు.

ఇంకా ఉంది. కొన్ని నరాల చుట్టూ కొవ్వు పొరలు చుట్టి ఉంటాయి, మధ్య మధ్యలో సందులు. కబురు ఆ సందుల్లో మాత్రమే కొత్తగా పుడుతుంది, ఒక సందు నుంచి ఇంకో సందుకి దూకుతున్నట్టు. మన బిల్డింగులో మెట్టుకొకరు నిలబడి కొట్టరు, అంతస్తుకొకరే కొడతారు. అందుకే గబగబా పైకి చేరుతుంది.

ఉప్పు లేకపోతే ఆలోచన కూడా సాగదు పిన్నీ. ఈ మాట ప్రిన్సిపాలుగారి ముందు చెప్పబోతున్నాను.

పిచ్చుక

*

జూన్ 28

పిచ్చుకా,

నీ ఉత్తరం అందిన రోజు నుంచి మీ బాబాయి కూరలో ఉప్పు పెంచాను. ఈ మధ్య ఆయన్ని పిలిస్తే మూడోసారికి గానీ పలకడం లేదు. రక్తపోటని డాక్టరు ఉప్పు బాగా తగ్గించారు కదా, అందువల్ల ఆయన నరాల్లో కబుర్లు నెమ్మదించి ఉంటాయని అర్థమైంది. రెండు రోజులుగా మొదటి పిలుపుకే పలుకుతున్నారు. మంచినీళ్ళు మాత్రం మాటిమాటికీ అడుగుతున్నారు.

ఇక్కడ ఇంకో చిక్కు వచ్చింది. మూడో అంతస్తు పళ్ళెం సాయంత్రాలు మోగడం లేదు. నేను కొడుతున్నాను, పైన చడీ చప్పుడూ లేదు. నిన్న లాయరుగారు తల నిండా సబ్బు నురగతో, కళ్ళు మూసుకుని, గోడ తడుముకుంటూ మా గుమ్మంలోకి వచ్చి ఒంటికాలి మీద లేచారు. "నీళ్ళొచ్చాయని నాకెవరూ చెప్పరేం? నేను ప్రెసిడెంటునా, పనికిరానివాణ్ణా?" అన్నారు. మీ బాబాయి ఒక చెంబు చేతికిచ్చి పంపారు.

పొద్దున్నపూట మాత్రం టీచరుగారు టంగుమని కొడుతున్నారు. సాయంత్రమే పంతం. వెళ్ళి అడిగాను. "వినబడిందమ్మా, కొడదామనే అనుకున్నాను" అన్నారు, ముక్కుతో సాగదీస్తూ. నన్ను వెక్కిరించినట్టుంది. కొడదామనుకున్నవాళ్ళు కొట్టకుండా ఎలా ఉంటారు? నేను ఏం తప్పు చేశానో తెలియడం లేదు.

పిన్ని

*

జూలై 2

పిన్నీ,

ముందు ఉప్పు ఆపు! ఇప్పుడే, ఈ ఉత్తరం పక్కన పెట్టి వెళ్ళి ఆపు. నరాలకి కావలసిన ఉప్పు మామూలు తిండిలోనే దొరుకుతుంది, ఎక్కువ తింటే బాబాయి ఆలోచన పెరగదు, రక్తపోటు పెరుగుతుంది. డాక్టరు చెప్పినదే పాటించండి. బాబాయి వెంటనే పలకడం దాహం వల్ల.

ఇక మంచి కబురు. క్లాసు గెలిచాం! క్లాసు బయటి మెట్ల మీద ఐదుగురిని నిలబెట్టి, తలా ఒక పళ్ళెం ఇచ్చి కొట్టించాను. ప్రిన్సిపాలుగారు నాలుగో అంతస్తు లాయరు. ఆవిడ పళ్ళెం మోగగానే ఆఖరి బెంచీ చప్పట్లు కొట్టింది. నా ఉద్యోగం ఇంకా ఖాయం చేయలేదు గానీ, బయటికి వెళుతూ "రెండో అంతస్తు ఆవిడ ఎవరు?" అని అడిగారు. మా పిన్ని అన్నాను.

ఒక పిల్ల అడిగింది: మధ్యలో ఒకళ్ళు కొట్టకపోతే ఏమవుతుంది? అక్కడే ఆగిపోతుంది అని చెప్పాను, పైవాళ్ళ చెవులు ఎంత బాగున్నా లాభం లేదు. టీచరుగారు అలక మానకపోతే నువ్వే ఆవిణ్ణి దాటేసి పైదాకా వినబడేలా కొట్టు. నీ గరిటెకి ఆ బలం ఉంది.

పిచ్చుక

*

జూలై 8

పిచ్చుకా,

ఉప్పు ఆపాను. నీ రెండో సలహా కూడా పాటించాను.

నాలుగు సాయంత్రాలు టీచరుగారిని దాటి నాలుగో అంతస్తుకి వినబడేలా కొట్టాను. నా పళ్ళెం మధ్యలో సొట్ట పడింది. లాయరుగారికి నీళ్ళు అందాయి. అందులో తేడా లేదు. కానీ రోజూ ఇలా బాదలేను కదా. నరంలో ఒకచోట ఆగిపోతే పైవాళ్ళకి అందదని మా అమ్మాయి కాలేజీలో చెబుతోంది, అక్కడ పళ్ళెం ఉంచి ఏం లాభం అని లాయరుగారితో అన్నాను. ఆయన దాన్ని పట్టుకుని తీర్మానం రాసేశారు: మూడో అంతస్తు పళ్ళెం తీసి, మూడుకీ నాలుగుకీ మధ్య మలుపులో కొత్తది వేలాడదీయాలని. వచ్చే ఆదివారం కాక పై ఆదివారం మీటింగు. మొదటి సంతకం నన్ను పెట్టమంటున్నారు.

టీచరుగారి చెవిన పడింది. నిన్న వాళ్ళ గుమ్మానికి 'ఇల్లు అద్దెకు ఇవ్వబడును' అని అట్టముక్క వేలాడుతోంది. సొంత ఇల్లు! ఎక్కడికి వెళతారు? అడుగుదామని ఎదురుపడితే మూతి ఒక పక్కకి లాగి, రెప్పలు సగం వాల్చి నన్ను చూశారు. కళ్ళు నెత్తికెక్కినవాళ్ళ చూపది. నాకు ఒళ్ళు మండింది.

నువ్వు నన్నే తప్పు పడతావేమో, అందుకని జరిగినవన్నీ వరసగా రాస్తున్నాను. బిస్కెట్లు తిప్పి పంపడం, సాయంత్రం టీ వేళ. పళ్ళెం మానేయడం, సాయంత్రం. ముక్కుతో మాట్లాడటం, సాయంత్రం. తీగ మీద బట్టలు ఆరేస్తూ నన్ను చూడగానే చేతులు దించేసి, బకెట్టు అక్కడే వదిలి లోపలికి వెళ్ళిపోవడం, సాయంత్రం. పాటకి వచ్చే పిల్లల్ని మధ్యలోనే ఇంటికి పంపేయడం కూడా సాయంత్రమే, దానికి మాత్రం నేను కారణం కాదు. పొద్దున్న కనబడితే మామూలుగా "ఏమ్మా, కూరేం చేశావు?" అంటారు. ఇలాంటి రెండు నాలుకల మనిషని ఇన్నేళ్ళూ తెలియలేదు.

నాకు ఆపరేషనయిన నెలంతా రోజూ కిందికి వచ్చి నా తల దువ్వింది ఆవిడే పిచ్చుకా. ఆ సంతకం పెట్టడానికి నా చెయ్యి రావడం లేదు. పెట్టకపోతే లాయరుగారు వదలరు. పెడితే ఆవిడ వెళ్ళిపోతారు.

పిన్ని

*

జూలై 13

పిన్నీ,

నిన్న ఫోను చేసింది దెబ్బలాడటానికి కాదు. నేను "ఐసు తీసుకో" అంటే నువ్వు "నా కోపానికి ఐసా? నువ్వు కూడా ఆవిడ పక్షమేనా?" అని పెట్టేశావు. తర్వాత ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. బాబాయి మాత్రం ఎత్తి, "ఉత్తరం రాయి తల్లీ, నాకు ఇక్కడ మాట్లాడే హక్కు లేదు" అన్నారు. అందుకే ఇది అర్జంటు పోస్టులో పంపుతున్నాను. దయచేసి మధ్యలో ఆపకుండా చదువు.

టీచరుగారిది అలక కాదనుకుంటున్నాను. నీ ఉత్తరంలో ప్రతి ఫిర్యాదు పక్కనా 'సాయంత్రం' అని ఉంది. నిన్న పొద్దున క్లాసులో తర్వాతి పాఠం చెబుతూ బోర్డు మీద బొమ్మ గీస్తున్నాను. కబురు నరం చివరిదాకా వచ్చాక కండరానికి ఎలా చేరుతుందో అందులో చూపించాలి. సుద్ద చేతిలో ఉండగానే నీ ఉత్తరం గుర్తొచ్చింది.

నరం కండరాన్ని తాకదు పిన్నీ. మధ్యలో చిన్న ఖాళీ ఉంటుంది. నరం చివరికి కబురు రాగానే అక్కడి నుంచి ఒక మందులాంటి పదార్థం ఖాళీలోకి చిమ్ముతుంది. అవతల కండరం మీద దాన్ని పట్టుకునే గిన్నెలుంటాయి. సరిపడా గిన్నెలు నిండితే కండరం మీద మళ్ళీ కొత్త అలజడి పుట్టి, ఆ చివరి నుంచి ఈ చివరిదాకా పరుచుకుని లోపలికి దిగుతుంది. అప్పుడు కండరం ముడుచుకుంటుంది, చెయ్యి లేస్తుంది. ఒక జబ్బులో, రోగాల నుంచి కాపాడాల్సిన మన ఒంటి కాపలావాళ్ళే పొరబడి ఆ గిన్నెల్ని పగలగొడతారు. పొద్దున్న, విశ్రాంతి తీసుకుని లేచినప్పుడు, మిగిలిన గిన్నెలతోనే పని నడుస్తుంది. పని చేసిన కొద్దీ నరం చిమ్మేది తగ్గుతూ వస్తుంది, ఉన్న కాసిని గిన్నెలకి అది చాలదు. సాయంత్రానికి రెప్పలు వాలిపోతాయి. నమలలేరు. మాట ముక్కులోంచి వస్తుంది. చేతులు పైకెత్తితే నిలవవు. నవ్వబోతే మూతి వెక్కిరించినట్టు వంకర పోతుంది.

మన టీచరుగారికి నీ పళ్ళెం వినబడుతోంది. కొట్టాలని ఉంది. కబురు చేతి గుమ్మం దాకా వచ్చింది, అక్కడ తలుపు తీసేవాళ్ళు లేరు.

నేను డాక్టర్ని కాదు, అందుకే నీ ఉత్తరం తీసుకెళ్ళి మా ఆసుపత్రి నరాల డాక్టరుగారికి చూపించాను. బిస్కెట్ల దగ్గర మొదలుపెట్టి రెండుసార్లు చదివారు. "ఇంత క్రమంగా ఎవరూ చెప్పరు, ఆవిణ్ణి వెంటనే చూపించమనండి" అన్నారు. అక్కడి డాక్టరుకి చూపించమని చీటీ రాసిచ్చారు, దీంతో పంపుతున్నాను. ఇంట్లో ఒక చిన్న పరీక్ష చేసి చూడమన్నారు. సాయంత్రం ఆవిడ రెప్ప వాలి ఉన్నప్పుడు కన్ను మూయించి, గుడ్డలో చుట్టిన ఐసు రెప్ప మీద రెండు నిమిషాలు పెట్టు. తీశాక రెప్ప లేస్తే అనుమానం బలపడినట్టే. చల్లదనానికి ఆ చిమ్మిన పదార్థం కాసేపు ఎక్కువగా నిలుస్తుందట. లేవకపోయినా చూపించాల్సిందే. అది వైద్యం కాదు, డాక్టరు దగ్గరికి వెళ్ళడం తప్పనిసరి. మింగడానికో ఊపిరికో ఇబ్బంది ఉంటే మాత్రం ఐసూ గీసూ వద్దు, నేరుగా ఆసుపత్రికే.

దాటేసి కొట్టమని నేను వేళాకోళానికి అన్న మాట ఇంత దూరం వెళుతుందనుకోలేదు. మీటింగుకి ముందే వెళ్ళు పిన్నీ.

పిచ్చుక

*

జూలై 17

పిచ్చుకా,

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం అందింది. మధ్యలో ఆపకుండా చదివాను. తర్వాత ఐసు గిన్నె ఖాళీగా ఉందని చూసి, నీళ్ళు పోసి, గడ్డకట్టేదాకా వంటింట్లో అటూ ఇటూ తిరిగాను. సాయంత్రం పళ్ళెం కొట్టి, బిందెలు బాబాయికి అప్పజెప్పి, శుభ్రమైన గుడ్డలో ఐసు చుట్టుకుని పైకి వెళ్ళాను.

తలుపు సగమే తీశారు. "ఏమ్మా, సంతకం పెట్టించుకోడానికి వచ్చావా?"

"కాదు టీచరుగారూ, ఐసు తెచ్చాను."

"ఐసా? ఇంకా నన్ను చల్లార్చేదేం మిగిలిందని?"

"కూర్చోండి. పిచ్చుక చెప్పింది."

నీ పేరు వినగానే తలుపు పూర్తిగా తీశారు. కూర్చోబెట్టి ముందు మింగడం సంగతి, ఊపిరి సంగతి అడిగాను. నమలడమే కష్టంగా ఉందని, మిగతావి బాగానే ఉన్నాయని చెప్పారు. అప్పుడు ఫ్యాను వంక చూడమన్నాను. చూస్తూ ఉండగానే రెండు రెప్పలూ దుకాణం షట్టర్లు జారినట్టు దిగిపోయాయి. ఈ రెప్పల్నే కదా నేను పొగరనుకున్నది!

కుడి కన్ను మూయించి ఐసు పెట్టాను. కన్ను మూసుకుంటే మనిషికి మాట సులువవుతుందేమో. "వయసు మీద పడిందనుకున్నానమ్మా" అన్నారు. "పాట మధ్యలో గొంతు ముక్కులోకి పోతోంది. పిల్లలు నవ్వకముందే పంపేస్తున్నాను. చెయ్యి ఆ పళ్ళెం దాకా లేవదు. ఎవరితో చెప్పను? ఇంతలో నువ్వు పైకప్పు ఎగిరిపోయేలా కొట్టడం మొదలుపెట్టావు. నా మీద కోపంతో కొడుతున్నావనుకున్నాను."

"మీకోసం కాదు, లాయరుగారి కోసం."

"ఆ సంగతి నా గోడకి తెలియదుగా. రోజూ అదిరేది నా గోడే."

ఐసు తీశాను. ఆవిడ కళ్ళు తెరిచారు. పిచ్చుకా, కుడి కన్ను పూర్తిగా తెరుచుకుంది! గుండ్రంగా, నువ్వు మెట్ల మీద పడ్డప్పుడు కోప్పడిన కన్నులా. ఎడమది అలాగే నిద్రపోతోంది. అద్దం చేతికిచ్చాను. చూసుకుని మూతి వంకర తిప్పారు. నాకు మళ్ళీ పాత అనుమానం వచ్చింది.

"వెక్కిరిస్తున్నారా, నవ్వుతున్నారా?"

"నవ్వే! రావట్లేదు, నన్నేం చెయ్యమంటావు?" అని ముక్కుతో అరిచారు.

దాంతో నాకు నవ్వాగలేదు. ఆవిడా నవ్వారు, అంటే ఇంకా వంకరగా పెట్టారు. ఐసంతా నా ఒళ్ళోనే కరిగిపోయింది. కాసేపటికి ఆ కన్నూ మెల్లగా వాలింది, అయినా చూడాల్సింది చూశాం.

ఈ పొద్దున ఇక్కడి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను. లోపలికి వెళ్ళకముందు ఆవిడ, "పొద్దున్న బాగానే ఉంటాను కదా, నన్ను చూసి నాటకమంటారేమో" అని భయపడ్డారు. నేను నీ డాక్టరుగారి చీటీ ముందు పెట్టాను. చేతి నరానికి చిన్న చిన్న కరెంటు దెబ్బలు వరసగా ఇచ్చి తెర మీద చూపించారు. మొదటి గీత పొడుగ్గా వచ్చింది, తర్వాతవి ఒకదానికంటే ఒకటి పొట్టిగా. టీచరుగారు తెర వంక వేలు చూపి, "ఇదే నా సాయంత్రం" అన్నారు. రక్తం తీసుకున్నారు, ఛాతీకి స్కానింగు రాశారు. మాత్రలు ఈ రోజే మొదలు. నెమ్మదిగా మోతాదు సరిచూస్తారట.

తీర్మానం కాగితం మీద సంతకం పెట్టలేదు. లాయరుగారు అడిగితే, ఆ పళ్ళెం సంగతి సరిగ్గా తెలియకుండా మాట్లాడానని చెప్పాను. "మరి సాయంత్రం నా నీళ్ళ సంగతి?" అన్నారు. నేను చూసుకుంటాను అన్నాను.

పిన్ని

*

జూలై 24

పిన్నీ,

నీ ఉత్తరం క్లాసులో చదివి వినిపించాను. (పాత ఉత్తరంలోని లాయరుగారి సబ్బు కూడా.) రెండో కన్ను నిద్రపోయిన చోట ఆఖరి బెంచీ నవ్వింది, 'ఇదే నా సాయంత్రం' అన్న చోట ఎవరూ నవ్వలేదు. ప్రిన్సిపాలుగారు నా ఉద్యోగం ఖాయం చేశారు. "ఆ రెండో అంతస్తు ఆవిడ ఉత్తరాలు ఆగకూడదు" అని షరతు పెట్టారు.

టీచరుగారికి ఆ మాత్ర ఏం చేస్తుందో చెప్పు. నరం చిమ్మిన పదార్థాన్ని ఒంట్లో వెంటనే తుడిచేసేవి ఉంటాయి. మాత్ర ఆ తుడుపుని నెమ్మదింపజేస్తుంది. ఉన్న కాసిని గిన్నెలకి నిండడానికి ఇంకాస్త వ్యవధి దొరుకుతుంది. గిన్నెలు పగలకుండా ఆపడానికి వేరే మందులున్నాయి, డాక్టరు చూసి రాస్తారు. వేళకి వేసుకోవాలి, ఆపకూడదు, జలుబుకైనా సొంతంగా మందులు మింగకూడదు. ఆ వేళలు చూసే పని నీకు అప్పజెబితే ఆవిడకి దిగులే ఉండదు.

సాయంత్రాలు పళ్ళెం ఎవరు కొడుతున్నారు? నువ్వు మళ్ళీ బాదడం మొదలుపెట్టలేదు కదా?

పిచ్చుక

*

ఆగస్టు 2

పిచ్చుకా,

బాదలేదు. ఇన్నాళ్ళూ ఏం చేశానో చెబుతాను. సాయంత్రం నా పళ్ళెం నేను మామూలుగా కొట్టి, గరిటె పట్టుకునే మెట్లెక్కి, మూడో అంతస్తు పళ్ళెం కూడా కొట్టి, దిగి వచ్చి బిందెలు పెట్టేదాన్ని. టీచరుగారు కుర్చీలో కూర్చుని, "తాళం తప్పుతున్నావమ్మా" అని దిద్దేవారు. ఆ పళ్ళెం మేకు తలకంటే ఎత్తులో ఉండటం చూసి, దర్జీ చేత నడుము ఎత్తుకి దించి కొట్టించాను. చెయ్యి లేవనవసరం లేకుండా కూర్చునే కొట్టొచ్చు. ఇది మొదటి రోజే తోచాల్సింది.

ఆ ఆదివారం మీటింగులో లాయరుగారు తీర్మానం చదవబోయారు. టీచరుగారు లేచి, పొద్దున్నపూటే కాబట్టి గొంతు ఖంగుమంటుండగా, "ప్రెసిడెంటుగారూ, ముందు లిఫ్టు సంగతి చదవండి" అన్నారు. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. అద్దె అట్టముక్కని మీ బాబాయి అడిగి తెచ్చుకున్నారు. వెనకవైపు తెల్లగా ఉందని దాని మీద 'కూరలో ఉప్పు డాక్టరు చెప్పినంతే' అని రాసి వంటింట్లో నాకు ఎదురుగా తగిలించారు. ఉండనీ.

ఇక నిన్నటి సంగతి. సాయంత్రం వాచ్‌మన్ కొట్టాడు, దర్జీ కొట్టాడు, నేను కొట్టాను. అలవాటు ప్రకారం గరిటెతో మెట్లెక్కడం మొదలుపెట్టాను. మలుపు దగ్గరికి వచ్చేసరికి పైన టంగుమని మోగింది. ఒక్కసారి కాదు, మూడుసార్లు, పిల్లలకి తాళం నేర్పినట్టు లెక్కగా. ఆ వెంటనే నాలుగో అంతస్తులో లాయరుగారు, "విన్నాను! విన్నాను!" అని కేకేశారు.

నేను మలుపులోనే నిలబడిపోయాను. పైకి వెళ్ళి చూడాలనిపించింది. కానీ ఆవిడ పని ఆవిడ చేశారు, ఇక అక్కడ నాకేం పని? దిగి వచ్చి నా బిందెలు నేను పట్టుకున్నాను. పదిహేను రోజుల్లో మొదటిసారి అన్నీ నిండాయి.

నా సొట్ట పళ్ళేన్ని మార్చలేదు. ఇప్పుడు దాన్ని మెల్లగా కొడితే చాలు. పై అంతస్తులో మనిషి ఉన్నారు.

పిన్ని